ఆరడుగుల సముద్రం

పదకొండు నలభైకి, స్టేషన్లో ముద్దాయితో మాట్లాడటానికి సి.ఐ. శివకుమార్ నాకు పది నిమిషాలు ఇచ్చాడు. అందులో మూడు నిమిషాలు కానిస్టేబుల్ తాళంచెవి వెతకడానికే పోయాయి. నాకు అప్పటికే ఒళ్ళు మండుతోంది.

"ఇంకా ఏడు నిమిషాలే అన్నా," అన్నాడు శివకుమార్ గోడ గడియారం చూపిస్తూ. "నాలుగింటికి మెజిస్ట్రేట్ ముందర పెడుత. ఆమెను జైలుకు పంపినంక మీ ప్రైవేటు డిటెక్టివ్ పనికి ఇక్కడ జాగ ఉండదు."

ప్రొబేషన్‌లో ఉన్నప్పుడు ఈ శివకుమారే నా దగ్గర వేలిముద్రలు ఎత్తడం నేర్చుకున్నాడు. నేను క్లూస్ టీమ్‌లో ఇరవై రెండేళ్ళు చేసి బయటికొచ్చి, గద్వాలలో 'రాఘవేందర్, డిటెక్టివ్' అని బోర్డు పెట్టుకున్నాను. పెళ్ళి సంబంధాల ఎంక్వైరీలు తప్ప మరొకటి రాలేదు. ఇవాళ పొద్దున మొదటి బస్సుకు రుక్కమ్మ అనే ముసలామె వచ్చి, మనవరాలు అమూల్యను నా గుమ్మంలో కూర్చోబెట్టి, "నా బిడ్డ ఆ పని చెయ్యలేదు సారూ" అని నా చేతులు పట్టుకుంది. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. తండ్రి లేడు. తల్లి కూడా జైలుకు పోతే ఆ పిల్లకు ఈ ముసలామె తప్ప దిక్కు లేదు.

ఆ తల్లి పేరు ధనలక్ష్మి. ఇప్పుడు నా ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది.

ఆమె పని చేసేది పట్టు అద్దకం చేసే శ్రవణ్ కుమార్ ఇంట్లో. నిన్న, మంగళవారం, శ్రవణ్, అతని తల్లి బాలమ్మ గంట తేడాలో ఒకరి తర్వాత ఒకరు కుప్పకూలారు. ఊపిరి ఆడలేదు. ఒళ్ళంతా వణుకు, జ్వరం. ఇద్దరూ కర్నూలు ఆసుపత్రిలో, గొంతులో గొట్టాలతో ఉన్నారు. ధనలక్ష్మి చాయ్‌లో పత్తి మందు, అంటే పత్తి చేలకు కొట్టే పురుగుల మందు, కలిపిందని శివకుమార్ కేసు కట్టాడు.

"చాయ్ ఎప్పుడిచ్చినవు?" అని అడిగాను.

"ఎనిమిదీ పదికి సారు. శ్రవణన్న, పెద్దమ్మ ఇద్దరే తాగిన్రు. అర్చనక్క పిల్లల్ని తీస్కొని ఏడింటికే బీచుపల్లి గుడికి పోయింది."

"నువ్వెప్పుడు పోయినవు?"

"ఎనిమిదీ నలభైకి. ఎనిమిదీ యాభైకి మా ఊరి బస్సు."

శివకుమార్ మధ్యలో దూరాడు. "చాయ్ ఆమె పెట్టింది. ఇంట్ల ఉన్న ముగ్గురిల ఆమె ఒక్కతే తాగలే. ఎందుకు తాగలేదో అడుగుండ్రి. నిన్నటి సంది నోరు తెరుస్త లేదు."

నేను అడిగాను. ధనలక్ష్మి చాలాసేపు తన గోళ్ళను చూసుకుంది. నా ఏడు నిమిషాల్లో ఒకటి అలా పోయింది.

"నా గ్లాసు వేరే సారు," అంది చివరికి. "పెరట్ల బాత్రూం పక్కన గూట్ల పెడ్తరు. మొదట్ల తాగిన. ఒకసారి నా బిడ్డ నాతోని వచ్చి, నీ గ్లాసు గిక్కడ ఎందుకుందమ్మా అని అడిగింది. ఏం చెప్పాల్నో తెల్వలే. ఆ రోజు సంది ఆ ఇంట్ల చాయ్ తాగుడు బంద్ చేసిన. నాలుగేండ్లయింది."

నాకు సిగ్గేసింది. ఆ మాట నిన్నటి నుంచి ఆమె ఎందుకు చెప్పలేదో అర్థమైంది కనుక ఇంకా సిగ్గేసింది.

"కథలు మస్తు చెప్తది," అన్నాడు శివకుమార్, కానీ నా వైపు చూడలేదు. "ఆమె ఇంటెనక పత్తి మందు డబ్బా దొరికింది."

"ఈ జిల్లాల ఆ డబ్బా లేని ఇల్లొకటి చూపియ్యి. గ్లాసులల్ల మందు దొరికిందా?"

"ల్యాబుకు పోయినయి. పది రోజులు పడ్తది."

"అంటే నీ దగ్గర ఏం లేదు."

"నా దగ్గర ముద్దాయి ఉంది అన్నా. టైమ్ అయిపోయింది."

* * *

పన్నెండున్నరకు శ్రవణ్ ఇంటికి వెళ్ళాను. అతని భార్య అర్చన తలుపు తీసింది. కర్నూలు నుంచి బట్టలకని వచ్చిందట, గంటలో మళ్ళీ పోవాలట. ఆమె వెనక హాలంతా నీలం వెలుగు.

అంత పెద్ద అక్వేరియం నేను ఇళ్ళల్లో ఎప్పుడూ చూడలేదు. ఆరడుగుల గాజు తొట్టి. ఇనుప స్టాండు మీద కూర్చుంది. కింద ఇంకో చిన్న తొట్టి, మోటార్లు, గొట్టాలు, నీళ్ళు చల్లబరిచే మిషను, దాని పక్కన రెండు ఇన్వర్టర్ బ్యాటరీలు. మూలన ఉప్పు బస్తాలు, నీలం డ్రమ్ము. తొట్టిలో ఇసుక, రాళ్ళు. ఇంత హంగామాకు లోపల చేపలు లెక్కపెడితే రెండు.

"సముద్రం ఏడ, గద్వాల ఏడ సార్?" అంది అర్చన. ఆమె గొంతులో నాలుగు నెలల కోపం ఉంది. "ఈయన తెస్త అన్నడు. నీళ్ళు ఫిల్టరు పట్టాలె, ఉప్పు కలపాలె, గాజు గొట్టంల చూడాలె, మళ్ళ కలపాలె. నలభై రోజులు ఒక్క చేప లేదు. ఖాళీ నీళ్ళకు లైట్లేసి దాని ముందర కుర్చీ ఏస్కొని కూసునెటోడు. చుట్టాలొస్తే నవ్విపోయిన్రు. ఎండకాలం రోజుకు బిందెడు నీళ్ళు ఆవిరైపోయినయి. మేం ఊరికి పోవుడు బంద్, సినిమా బంద్. ఏమన్నంటే, ఒక్కసారి కుదిరితే సూడు అంటడు. కుదిరితే కద!"

నాకు ఆ తొట్టి గురించి ఒక్క ముక్క తెలియదు. అది నా చిరాకును ఇంకా పెంచింది. విషప్రయోగం కేసులో నేను చేపల తొట్టి ముందు నిలబడి ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. పక్కనే నోటు పుస్తకం కనిపిస్తే తెరిచాను. శ్రవణ్ రాతలో తేదీలు లేవు, రోజుల సంఖ్యలే ఉన్నాయి.

'17వ రోజు. నీళ్ళలో అమ్మోనియా దిగలేదు.

26. ఇంకా చేపలు వేయొద్దట. అర్చన మాట్లాడటం లేదు.

41. మూడు చేపలు!

43. ఒకటి చచ్చిపోయింది. ఎందుకో తెలియదు.

60. హైదరాబాద్ నుంచి పెద్ద రాయి తెచ్చాను. దాని మీద గోధుమరంగు గుండీల్లాంటి జీవాలు. లైటు వేస్తే పువ్వుల్లా విచ్చుకుంటున్నాయి. అమ్మకు కూడా నచ్చాయి.

98. గుండీలు పక్క రాళ్ళకు పాకుతున్నాయి. అన్నిటినీ కప్పేస్తాయట.

117. ఎంత గీకినా పోవడం లేదు, జిగురులా పట్టుకున్నాయి. ఈ పని నాతో కాదు. ఇన్ని నెలలు వృథా.'

117వ రోజు అంటే మొన్న సోమవారమని అర్చన చెప్పింది. ఆ రాత్రి భోజనం దగ్గర అతను తల్లి ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చాడట.

"నిన్న ఆయనతో మాట్లాడినవా అమ్మా?"

"పదిన్నరకు ఫోన్ చేసిన సార్, గుడి కాడికెల్లి. మస్తు కోపంగ ఉండె. అమ్మ నా రాయిని ఖరాబు చేసింది అన్నడు. మళ్ళ ఆ రాళ్ళ గోలేనా అని నేను ఫోన్ కట్ చేసిన." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదే ఆఖరి మాట సార్."

నేను గడియారం లెక్క వేసుకున్నాను. చాయ్ ఎనిమిదీ పదికి. పదిన్నరకు అతను గొంతెత్తి అరిచేంత బాగున్నాడు. చాయ్‌లో పత్తి మందు ఉంటే రెండు గంటల ఇరవై నిమిషాల దాకా ఊరుకుంటుందా? పడిపోయింది పన్నెండు దాటాక. అంటే విషం చాయ్‌లో లేదు. మరి దేంట్లో ఉంది?

తొట్టిలో ఎడమ పక్క ఇసుకలో పెద్ద గుంట కనిపించింది. అక్కడ ఏదో ఉండేది, ఇప్పుడు లేదు.

* * *

అద్దకం షెడ్డు ఇంటి వెనక, పెరడు దాటాక ఉంది. ఒకటీ పదికి లోపలికి వెళ్ళాను. పోలీసులు దీని గడప తొక్కలేదు. వంటింట్లో చాయ్ గ్లాసులు, చక్కెర డబ్బా ఏరుకుని పోయారు. శివకుమార్‌ను నేనే శిక్షణ ఇచ్చి చెడగొట్టాను కాబోలు.

గ్యాస్ పొయ్యి మీద పెద్ద రాగి గంగాళం. పట్టు దారం మీద సహజంగా జిగురు ఉంటుంది. సబ్బు, సోడా వేసి ఉడకబెడితే అది పోతుంది, ఆ తర్వాతే రంగెక్కుతుంది. బాలమ్మ యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తోంది. కానీ గంగాళంలో దారపు పోగు ఒక్కటీ లేదు. అడుగున గోధుమరంగు మడ్డి, అంచున తెల్లటి ఉప్పు చార. పక్కన గోనెపట్టా మీద, పట్టు దారపు కట్టలు ఆరబెట్టే చోట, ఒక రాయి ఆరేసి ఉంది. తెల్లగా, శుభ్రంగా ఉంది. తాకబోయి, ఎందుకో చేతిరుమాలు చుట్టుకుని అంచు పట్టుకుని చూశాను.

"ఇదేనా ఆయన రాయి?"

అర్చన గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదే. కని దీని నిండ గుండీలుండె. అయ్యో... అత్తమ్మ ఉడకబెట్టింది సార్. జిగురంటే ఉడకబెడితే పోవాల్సిందే అంటదామె. ఆయన ఏడ్సిండని, తనకు తెలిసిన పని చేసింది."

కొడుకు నాలుగు నెలల బాధ ఒక్క పూటలో తీర్చేద్దామనుకుంది ఆ తల్లి. నాకు కోపం రావాల్సింది, కానీ రాలేదు.

షెడ్డుకు వేరే కరెంటు మీటరు ఉంది. మీటరు పెట్టె సందులో బిల్లు కాగితం దోపి ఉంది. తీసి చదివాను. నిన్నటి తేదీ. సమయం 10:12.

అంటే గంగాళం మసులుతున్నప్పుడు ఈ షెడ్డులోకి మూడో మనిషి వచ్చాడు. లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. బిల్లు కొట్టేవాడి పేరు దేవరాజు, నిన్న మధ్యాహ్నం నుంచి పనికి రాలేదని చెప్పి నంబరు ఇచ్చాడు. దేవరాజు భార్య ఎత్తింది.

"దవాఖానల ఉన్నడు సార్. నిన్న ఒంటిగంటకు ఇంటికొచ్చి పడిపోయిండు. ఊపిరి ఆడ్త లేదు, జరం. డాక్టర్లు న్యుమోనియా అంటున్నరు."

"ఆ అద్దకపోల్ల ఇంట్ల చాయ్ గిట్ల తాగిండా?"

"చాయ్ ఏడిది సార్! మంచినీళ్ళు గూడ తాగలేదట. షెడ్డుల ఆవిరి పట్టి కండ్లు మండినయి, పది నిమిషాలు కూసుండి వచ్చిన అన్నడు."

చాయ్ తాగని మనిషి కూడా పడిపోయాడు. నాకు కావలసింది దొరికింది. అయినా అది ఏమిటో నాకు తెలియకపోవడం గోడకు తల కొట్టుకోవాలనిపించేలా ఉంది. వనపర్తి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉమారాణి మేడమ్ గుర్తొచ్చారు. పాత కేసులో ఒకసారి పురుగుల గురించి అడిగాను. నాలుగుసార్లు ఫోన్ చేశాను. క్లాసులో ఉన్నారట. రెండూ ఇరవైకి ఆవిడే చేశారు. గుండీల గురించి చెప్పి, నోటు పుస్తకం చదివి వినిపించాను.

"ఉడకబెట్టిన్రా?" ఆవిడ గొంతు మారిపోయింది. "మీరెక్కడున్నరు? ముందు ఆ షెడ్డు నుంచి బయటికి రాండ్రి!"

పెరట్లోకి వచ్చాను. అర్చనను కూడా లాగాను.

"అవి మొక్కలు కావు, జీవాలు. వాటిల కొన్ని రకాల ఒంట్ల చాలా భయంకరమైన విషం ఉంటది. నీళ్ళల్ల ఊరికే ఉంటే ఎవరిని ఏం చెయ్యవు. ఉడకబెడితే ఆ విషం చావదు సార్, ఆవిరితోని గాలిలకొస్తది. పీల్చినోళ్ళు పడిపోతరు."

"విరుగుడు?"

"లేదు. ఊపిరి నిలబెట్టుడే వైద్యం. కర్నూల్ల పత్తి మందుకు వైద్యం చేస్తుంటే అది వెంటనే ఆపించాలె. డాక్టర్ నంబరియ్యండ్రి, నేను మాట్లాడ్త. ఇంకో మాట. ఆ రాయి మొత్తం అక్కడనే ఉందా? ఒక్క ముక్క గూడ ఎవ్వరి చేతిల పడొద్దు."

నంబరు ఇచ్చి ఫోన్ పెట్టేసేసరికి గేటు దగ్గర జీపు ఆగింది.

* * *

"నా కేసుల నా సీను మీద మీరెట్ల తిరుగుతరు అన్నా?" శివకుమార్ లోపలికి వస్తూనే అరిచాడు. నేను దేవరాజు గురించి, బిల్లు మీద సమయం గురించి, పదిన్నర ఫోన్ గురించి, ఉమారాణి గారు చెప్పిన విషం గురించి ఒక్కొక్కటిగా చెప్పాను. విన్నాడు. విని నవ్వాడు.

"ముద్దాయి రాయి అంటరు. ఇప్పుడు దీని మీద ఎఫ్.ఐ.ఆర్. కట్టాల్నా? బేడీలు ఏడెయ్యాలె?" అంటూ సరాసరి షెడ్డులోకి పోయి రాయి మీద చెయ్యి వేయబోయాడు.

అతని మణికట్టు మీద గట్టిగా కొట్టాను.

"నా మీద చెయ్యి లేపుతవా?" పన్నెండేళ్ళలో మొదటిసారి నన్ను నువ్వు అన్నాడు.

"లేపుత. ముగ్గుర్ని పండబెట్టింది అది. నువ్వు నాలుగోవాడివి కాకు."

"ప్రెస్‌మీట్ అయిపోయింది! ఫొటోలు పోయినయి. పైనోళ్ళకు రిపోర్ట్ పోయింది. ఇప్పుడు ముసలామె రాయి వండుకుంది అని చెప్తే నన్ను మనిషంటరా?" అతని చెంపలు ఎర్రబడ్డాయి. అది అహంకారం ఒక్కటే కాదు, భయం కూడా. నాకు జాలి కలగలేదు. మూడూ అయిదు అయింది. ఇంకా యాభై అయిదు నిమిషాలు.

"దేవరాజును నువ్వే పోయి అడుగు. ఆ చాయ్ అతను తాగలే. ఈ ఒక్క మాటకు జవాబు చెప్పు, నేను పోత."

అతను టోపీ తీసి తల గోక్కున్నాడు.

ఈలోగా, రాయి మొత్తం అక్కడే ఉందా అని ఉమారాణి గారు అడిగిన ప్రశ్న నన్ను తొలిచేస్తోంది. అర్చన ఫోనులో ఆదివారం పిల్లలు తొట్టి ముందు దిగిన ఫొటో ఉంది. అందులో రాయి ఎడమ పక్క దాదాపు రెండడుగుల పొడవు. గోనెపట్టా మీదున్నది అందులో సగం. వంగి చూశాను. ఒక పక్క కొత్తగా పగిలిన అంచు.

"మిగతా సగం ఏది?"

అర్చనకు తెలియదు. పెరడు, చెత్తకుండీ, తొట్టి, నీలం డ్రమ్ము అన్నీ వెతికాం. లేదు. నిన్న పొద్దున శ్రవణ్ షెడ్డులోకి రాకముందు బాలమ్మ పక్కన ఉన్నది ఒక్క మనిషే.

"స్టేషన్‌కు ఫోన్ చెయ్యి," అన్నాను. "ధనలక్ష్మికి ఇప్పియ్యి. స్పీకర్ పెట్టు."

ఏ మూడ్‌లో ఉన్నాడో, శివకుమార్ మారు మాట్లాడకుండా చేశాడు.

"రాయా సారు?" ధనలక్ష్మి గొంతు అలసిపోయి ఉంది. "అవును. గంగాళంల పట్టలే. పెద్దమ్మ సుత్తెతోని కొట్టి రెండు చేసింది. ఒకటి గోనెసంచిల ఏసి నాకిచ్చింది. సోడా ఏసి మీ పొయ్యి మీద ఉడకబెట్టి రేపు తెమ్మన్నది."

"ఉడకబెట్టినవా?"

"ఏడిది సారు. బట్టలు పిండుకునేసరికే పొద్దువోయింది. గంతల పోలీసోళ్ళు వచ్చిన్రు."

గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. శివకుమార్ మాత్రం కదలకుండా నిలబడ్డాడు. ఫోను అతని చేతిలోనే ఉంది.

"గుమ్మం పక్కన గోనెసంచి ఉండె," అన్నాడు నెమ్మదిగా. "సోదా చేసేటప్పుడు నేనే కాలుతోని జరిపిన. రాయే కదా అనుకున్న."

నా ఫోనులో రుక్కమ్మ నంబరు నొక్కి స్పీకర్ పెట్టాను. రెండో రింగుకే ఎత్తింది.

"సారూ, మీకే ఫోన్ చేద్దామనుకుంటున్న! ఆ పెద్దమ్మ రాయి మా ఇంట్లనే ఉండిపోయింది. రేపు దొంగతనం గూడ నా బిడ్డ మీదనే ఏస్తరు. అందుకే వాళ్ళు చెప్పిన పని చేసి, రాయి అప్పజెప్పి, కాళ్ళు మొక్కుదామని..."

"రుక్కమ్మా, పొయ్యి మీద పెట్టినవా?"

"రెండింటికే పెట్టిన సారు. మంచిగ మసులుతుంది. వాన తుంపర కొడ్తుందని తలుపులు ఏసిన." ఆమె దగ్గింది. దగ్గు ఆగలేదు.

"తలుపు తియ్! అన్నీ వదిలేసి బయటికి రా! అమూల్య ఏది?"

"గీడనే, పొయ్యి పక్కన పండుకున్నది సారు. పొద్దున బస్సుల తిరిగి అలసిపోయిందని లేపలే." ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. "అమూల్యా... లెవ్వు బిడ్డా. ఓ అమూల్యా." మళ్ళీ దగ్గు. "సారూ, పిల్ల లేస్త లేదు. ఊపుతున్న గని లేస్త లేదు సారు!"

శివకుమార్ అప్పటికే జీపు వైపు పరుగెడుతూ డ్రైవర్‌ను కేకేస్తున్నాడు. బీచుపల్లి అవతల వాళ్ళ ఊరు, ఎంత తొక్కినా ఇరవై అయిదు నిమిషాలు. నేను అతని వెనకే పరుగెత్తాను. అతని చేతిలో ఫోన్ స్పీకర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అవతల స్టేషన్‌లో ధనలక్ష్మి అంతా వింటోంది.

"సారూ," అంది. "ఎవరు లేస్త లేరు?"